మన రంగశాలల కథ – 8: రవీంద్రభారతి, ఒక రాజధాని కొలత

గత సంచికలో సురభి వారి డేరాల దగ్గర ఆగాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ కుటుంబ సమాజం వేదికనూ తెరలనూ దీపాలనూ వెంటబెట్టుకుని ఊరూరా తిరిగింది. ఆ పద్ధతిలో నాటకశాల నాటకం వాళ్లదే. ఎంత వెడల్పు కావాలో, తెర ఎక్కడ పడాలో, నారదుడు ఏ తీగ మీద దిగాలో ఆడేవాళ్లే నిర్ణయించుకునేవారు. 1960 నాటికి తెలుగునాట రంగశాల కట్టే బాధ్యతను ప్రభుత్వం తలకెత్తుకుంది. ఆ మార్పుకు మొదటి పెద్ద గుర్తు హైదరాబాదులోని రవీంద్రభారతి. దాని పుట్టుక కథను ఈసారి ఒక ప్రశ్న చుట్టూ చెప్పదలచాను. నగరంలో రంగశాల కట్టేటప్పుడు దాని పరిమాణాన్ని దేన్నిబట్టి నిర్ణయించాలి? ప్రభుత్వ గౌరవాన్నిబట్టా, నటుడి గొంతునిబట్టా? రవీంద్రభారతి మొదటి కొలతకు కట్టిన భవనం, ఆ కొలతకు తగిన పని ఘనంగా చేసింది కూడా. అయితే రాజధాని కొలతను మన పట్టణాలు నాటకం కొలతగా తీసుకోవడం వల్ల తెలుగు నాటకానికి నష్టం జరిగిందని నా వాదన. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, కోర్టులు, కార్యాలయాల తర్వాత ఏ జిల్లా కేంద్రానికైనా కళాక్షేత్రం ఆలోచన రాక తప్పదు. అందుకే ఈ చరిత్రను ఇక్కడి పాఠకులు గతంగా మాత్రమే చూడనవసరం లేదు.

శతజయంతి ముహూర్తం

రవీంద్రనాథ్ ఠాగూర్ 1861 మే 7న జన్మించారు. 1961లో రానున్న శతజయంతిని దేశమంతా జరపాలని నెహ్రూ ప్రభుత్వం సంకల్పించింది. విగ్రహాలతో సరిపెట్టకుండా రాష్ట్రాలలో ఠాగూర్ పేరిట రంగశాలలు కట్టించడం ఆ ఉత్సవంలో ముఖ్యమైన భాగం. అప్పటి కేంద్ర వైజ్ఞానిక పరిశోధన, సాంస్కృతిక వ్యవహారాల మంత్రి హుమాయూన్ కబీర్ స్వయంగా బెంగాలీ రచయిత. ఆ సంకల్పం ఫలితాలు నేటికీ కళ్లెదుటే ఉన్నాయి. ఢిల్లీలో మూడు అకాడమీలు కొలువున్న రవీంద్ర భవనాన్ని హబీబ్ రెహమాన్ రూపొందించారు. చండీగఢ్ ఠాగూర్ థియేటరు ఆదిత్య ప్రకాశ్ చేతి పని. అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డున బి.వి. దోషి, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి మడతలు పడిన కాంక్రీటు గోడలతో ఠాగూర్ స్మారక మందిరం కట్టారు. బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్రం లేచింది. స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్లయినా నిండని దేశం, తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న దేశం, రాష్ట్రాల్లో నాటకశాలలు కట్టాలనుకోవడం చిన్న విషయం కాదు. ఆనకట్టలూ ఉక్కు కర్మాగారాలూ ఎంత అవసరమో జనం కూర్చుని కళను చూసే చోటు కూడా అంత అవసరమన్న నమ్మకం అందులో ఉంది. ఆ నమ్మకాన్ని నేను మనసారా గౌరవిస్తాను. ఇకముందు చేసే విమర్శ ఆ గౌరవంలోంచి పుట్టిందే.

ఆంధ్రప్రదేశ్ అప్పటికి పసి రాష్ట్రం. 1956 నవంబరు 1న ఏర్పడింది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల వారు ఒకే శాసనసభలో కూర్చోవడం మొదలై నాలుగేళ్లు కూడా కాలేదు. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి. అలాంటి వేళ 1960 మార్చి 23న సైఫాబాదులో, శాసనసభకూ పబ్లిక్ గార్డెన్సుకూ దగ్గర్లో, హుమాయూన్ కబీర్ శంకుస్థాపన చేశారు. రూపకల్పన మహమ్మద్ ఫయాజుద్దీన్‌ది. సంస్థాన కాలం నుంచీ హైదరాబాదు నిర్మాణాలలో, పట్టణ ప్రణాళికలో పనిచేసిన వాస్తుశిల్పి ఆయన. 1961 మే 11న ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భవనాన్ని ప్రారంభించారు. పునాదిరాయి నుంచి ప్రారంభోత్సవానికి పధ్నాలుగు నెలలు కూడా పట్టలేదు. ఆ ప్రారంభకుడి ఎంపికలోనూ ఔచిత్యం ఉంది. రాధాకృష్ణన్ 1918లోనే ఠాగూర్ తాత్త్వికతపై పుస్తకం రాశారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోనే, 1933 డిసెంబరులో, ఠాగూర్ వాల్తేరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. అంటే రవీంద్రభారతి తలుపులు తెరిచిన చేతులు అంతకుముందే ఉత్తరాంధ్ర గడ్డ మీద ఆ కవికి స్వాగతం పలికినవి.

తేదీ ముందే ఖరారైతే భవనం దాన్ని అనుసరించి నడుస్తుంది. స్థలం శాసనసభ పక్కన. అతిథులు గవర్నరు, మంత్రులు, దేశవిదేశాల ప్రతినిధులు. కార్యక్రమాలు నృత్యం, సంగీతం, నాటకం, సాహిత్య సభ, సన్మానం. ఈ అవసరాలన్నీ తీరాలంటే వెయ్యి మంది దాకా పట్టే ప్రేక్షాగారం, ఎదురుగా ఎత్తయిన వేదిక, మధ్యన తెర కావాలి. ఫయాజుద్దీన్ ఆ లెక్కకు సరిగ్గా సరిపోయే భవనమిచ్చారు. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ వినబడే నగరంలో అన్ని భాషల కళాకారులకూ ఒక గౌరవ స్థానం దొరికింది. కూచిపూడి నర్తకి, హరికథకుడు, కవి, నటుడు రాష్ట్ర శాసనసభకు పొరుగున ఉన్న వేదిక ఎక్కి ప్రభుత్వ గౌరవాన్ని అందుకోగలిగారు. తోలుబొమ్మలాట వాణ్ణీ వీధి భాగవతుణ్ణీ గడప బయట నిలబెట్టిన సమాజంలో ఇది గొప్ప మార్పు. రవీంద్రభారతిలో ప్రదర్శన ఇచ్చామని చెప్పుకోవడం దశాబ్దాల పాటు తెలుగు కళాకారుడికి యోగ్యతాపత్రంలా పనికివచ్చింది. ఆ భవనం సాధించింది ఇది. దీన్ని తక్కువ చేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

ఠాగూరూ, భరతుడూ చెప్పినది

ఇక ప్రశ్నలోకి వద్దాం. ఎవరి పేరిట ఈ రంగశాలలు కట్టారో ఆ మనిషికే రంగశాల గురించి స్పష్టమైన అభిప్రాయాలుండేవి. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఠాగూర్ రంగమంచం గురించి బెంగాలీలో ఒక వ్యాసం రాశారు. కలకత్తాలో యూరపు పద్ధతిలో వెలసిన నాటకశాలలను, రంగులు పూసిన తెరలను, బరువైన సామగ్రిని ఆయన అందులో ప్రశ్నించారు. బెంగాలు జాత్రలో నటుడికీ చూసేవాడికీ మధ్య పెద్ద ఎడం ఉండదనీ, ఆ చేరువ వల్లనే ఊహ పనిచేస్తుందనీ ఆయన భావన. ఆయన నాటకాలు జోరాసాంకో ఇంట్లోనూ, శాంతినికేతనంలో చెట్ల నడుమా ఆడాయి. అలాంటి కవి శతజయంతికి దేశమంతా లేచిన మందిరాలలో ఎక్కువ భాగం ఎత్తయిన వేదిక, ఎదురుగా వరస వెనక వరస కుర్చీలు ఉన్న నమూనాను అనుసరించాయి. అంతమాత్రాన వాటిని కట్టినవారు ఠాగూర్‌ను అగౌరవపరిచారనలేం. స్మరణకు కావలసిన భవనం వేరు, ఆయన కోరిన నాటకానికి కావలసిన భవనం వేరు. ఉత్సవం మొదటిదాన్ని కోరింది, మొదటిదే వచ్చింది. రెండోది ఎప్పుడు కడతామన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఆ రెండోదాని కొలతలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో భరతుడు నాట్యమండపాలను ఆకారాన్నిబట్టి మూడు రకాలుగా, పరిమాణాన్నిబట్టి మూడు రకాలుగా విభజించి, మనుషులకు మధ్యమ ప్రమాణమే తగినదని తేల్చాడు. ఆ దీర్ఘచతురస్రం పొడవు 64 హస్తాలు, వెడల్పు 32. హస్తమంటే సుమారు అడుగున్నర, కాబట్టి 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అందులో ముందు సగం ప్రేక్షకులది. వెనక సగాన్ని మళ్లీ రెండు చేసి ఒక భాగం రంగానికి, ఒక భాగం నేపథ్యగృహానికి ఇచ్చాడు. అంటే చూసేవాళ్లలో చిట్టచివరి వాడు కూడా రంగానికి 48 అడుగుల లోపే ఉంటాడు. నేటి కుర్చీల లెక్కన ఆ చోటులో మూడు నాలుగు వందల మంది పడతారు. నటుల అలంకరణ గదులకు దక్కిన స్థలం వేదికకు దక్కినంత. ఈ కొలతకు భరతుడు చూపిన కారణం పూర్తిగా ఆచరణకు సంబంధించింది. మండపం మరీ పెద్దదైతే మాట స్పష్టత పోతుంది, ముఖంలో పలికే భావం కంటికి ఆనదు. ఆధునిక రంగశాలల రూపకర్తలు కూడా ముఖకవళికలు తేటగా కనిపించే దూరం సుమారు 20 మీటర్లని లెక్క వేస్తారు. భరతుడి 48 అడుగులు 15 మీటర్లకు కాస్త తక్కువ. వందల ఏళ్ల ఎడంతో రెండు శాస్త్రాలు ఒకే హద్దు దగ్గర కలుసుకున్నాయంటే, ఆ హద్దు మనిషి కన్నూ చెవీ గీసిందే కావాలి.

చెవి సంగతి ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు, మాటలు ఏమాత్రం అర్థంకాని ఒక ఉపన్యాసశాల మీద పరిశోధన మొదలుపెట్టాడు. శబ్దం ఆగిన తర్వాత కూడా గదిలో అది ఎంతసేపు మిగిలి ఉంటుందో కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగితే ఆ వ్యవధి పెరుగుతుందనీ, శబ్దాన్ని పీల్చుకునే మెత్తని వస్తువులు, మనుషులు పెరిగితే తగ్గుతుందనీ సూత్రం కట్టాడు. మాట స్పష్టంగా వినబడాలంటే ఆ వ్యవధి సుమారు ఒక సెకను ఉండాలి. పెద్ద వాద్యబృందపు సంగీతం నిండుగా పలకాలంటే దాదాపు రెండు సెకన్లు కావాలి. ఒకే హాలు రెండింటికీ సమానంగా సరిపోవడం ఎంత కష్టమో ఈ అంకెలే చెబుతాయి. సంగీత సభ, నాటకం, సన్మానం, సమావేశం అన్నింటికీ పనికొచ్చేలా కట్టిన హాలులో ముందుగా రాజీ పడవలసి వచ్చేది మైకు లేకుండా మాట్లాడే మనిషి గొంతు. సమావేశానికి మైకు ఉంటుంది, కచేరీకి మైకు ఉంటుంది. నాటకానికి కూడా మైకే దిక్కయింది. తల మీద వేలాడే మైకు కిందికి వచ్చి నిలబడి సంభాషణ చెప్పడం మన పరిషత్తు నాటకాలలో నటులకు అలవాటుగా స్థిరపడింది. రంగం మీద ఎవరు ఎక్కడ నిలబడాలో కథ బదులు తీగ నిర్ణయించే పరిస్థితి అది. నటుల శిక్షణ లోపమని చాలామంది విమర్శించే ఈ అలవాటుకు మూలం చాలావరకు హాలు పరిమాణంలో ఉంది.

పద్యం నుంచి మాటకు

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. తెలుగువాళ్లు వేలమందిని కూర్చోబెట్టి ఆరుబయట నాటకాలాడారు కదా, అప్పుడు ఈ 48 అడుగుల లెక్క ఎక్కడికి పోయింది? నిజమే. పౌరాణిక పద్యనాటకం తిరునాళ్లలో తెల్లవార్లూ నడిచింది. తూర్పు భాగవతం ఈ ఉత్తరాంధ్ర పల్లెల్లో మద్దెల దరువు మీద రాత్రంతా జనాన్ని నిలబెట్టింది. అయితే ఆ కళలు దూరాన్ని జయించడానికి తమ ఆయుధాలను తామే తయారుచేసుకున్నాయి. పద్యాన్ని రాగం పట్టి పై స్థాయిలో పాడితే హార్మోనియం తోడుగా అది చాలా దూరం పోతుంది. రాయబారం కథ చూసేవాడికి ముందే తెలుసు. ఒక మాట చెవిన పడకపోయినా నష్టం లేదు. కిరీటం, భుజకీర్తులు, గద దూరం నుంచే పాత్రను చెప్పేస్తాయి. నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టి రెండోసారి పాడించుకునే స్వేచ్ఛ ఉంది. ఆ నాటకం పెద్ద మైదానం కోసమే పెరిగిన నాటకం.

సాంఘిక నాటకం దారి వేరు. దానికి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. గురజాడ అప్పారావు 1862లో పుట్టిన రాయవరం నేటి అనకాపల్లి జిల్లాలోనే ఉంది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు మొదటిసారి ఆడిన కన్యాశుల్కం తెలుగు రంగస్థలాన్ని పాట నుంచి మాటకు తిప్పింది. గిరీశం, మధురవాణి మాటలకు బలం వాళ్లు ఎంచుకునే పలుకులో, ఆగే చోటులో, చెప్పకుండా దాచిన అర్థంలో ఉంది. మధురవాణి కనుబొమ్మ కదలిక వెనక వరసకు చేరకపోతే ఆమె తెలివి సగం పోయినట్టే. ఆ తర్వాత ఆత్రేయ ఎన్.జి.ఓ. వంటి నాటకాలు మధ్యతరగతి ఇంటి గదిని రంగం మీదికి తెచ్చాయి. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళా పరిషత్తు, దాని బాటలో ఊరూరా వెలసిన పరిషత్తులు, గద్య నాటకాన్నీ నాటికనూ ప్రోత్సహించాయి. మన నాటకం మాటకు దగ్గరవుతూ, గొంతు తగ్గిస్తూ, ముఖం మీద ఆధారపడుతున్న కాలంలోనే మన హాళ్లు పెద్దవయ్యాయి. ఈ రెండు పయనాలు ఎదురెదురు దిక్కుల్లో సాగడమే తెలుగు ఆధునిక నాటకం కష్టాల్లో ఒకటి. దాన్ని సినిమా మీదికీ టీవీ మీదికీ నెట్టేసి ఊరుకోవడం వల్ల భవనాల బాధ్యత ఎవరికీ కనబడలేదు.

డబ్బు, దూరం, ప్రేక్షకులు

రెండో అభ్యంతరం డబ్బుది. మూడు వందల కుర్చీల హాలు తన ఖర్చు తాను రాబట్టుకోలేదనీ, వెయ్యి కుర్చీలైతే సభలకూ వేడుకలకూ అద్దెకిచ్చి నడుపుకోవచ్చనీ అంటారు. మునిసిపాలిటీల పరిస్థితి తెలిసినవారు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. కానీ పెద్ద హాలు కరెంటు, ఏసీ, కుర్చీల మరమ్మతు, శుభ్రత అన్నీ పెద్దవే. ఆ ఖర్చు రాబట్టాలంటే అద్దె పెరగాలి. అద్దె పెరిగితే మొదట తప్పుకునేది చందాలు వేసుకుని ఆడే నాటక సమాజం. చివరికి నాటకం పేరు చెప్పి కట్టిన భవనంలో నాటకానికే తేదీలు దొరకవు. దీనికి విరుద్ధంగా నడిచిన ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి. 1978లో ముంబయి జుహూలో తెరుచుకున్న పృథ్వీ థియేటరుకు రెండు వందల కుర్చీలే. వేద్ సేగన్ రూపకల్పనలో ప్రేక్షకులు మూడు వైపులా వేదికను ఆనుకుని కూర్చుంటారు. 2004లో అరుంధతీ నాగ్ పట్టుదలతో బెంగళూరులో తెరుచుకున్న రంగశంకరకు మూడు వందల పైచిలుకు కుర్చీలు. రోజుకో నాటకం అన్నది దాని నియమం. అద్దె సమాజాలకు అందుబాటులో ఉంచారు, నాటకం మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు. నాటకానికి మాత్రమే కట్టిన చిన్న హాలు నాటకంతోనే నిండుతుందని ఆ రెండూ రుజువు చేశాయి.

అవి మహానగరాలు, అక్కడ దాతలుంటారు, అనకాపల్లికి ఆ వనరులెక్కడివి అనవచ్చు. దీనికి జవాబు మన శాసనాల్లోనే ఉంది. రవీంద్రభారతికి పునాదిరాయి పడిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు అప్పగించాలి. వసూలులో, చెల్లింపులో లోటుపాట్లు ఎన్ని ఉన్నా, ప్రతి ఇల్లూ పుస్తకానికి కొంత ఇవ్వాలన్న సూత్రం చట్టంలో నిలిచింది. పుస్తకాలు అద్దెకిచ్చి లాభం చూపించమని గ్రంథాలయాన్ని ఎవరూ అడగరు. అదే ఏడాది నాటకానికి మనం ఒక్క మహాభవనమిచ్చాం, ఏటేటా నడిచే ఆదాయమార్గం మాత్రం ఇవ్వలేదు. 1998 నుంచి ప్రభుత్వం జరిపిన నంది నాటకోత్సవాలు సమాజాలకు ఊపిరి పోశాయి, నిజమే. కానీ ఉత్సవం ఏడాదిలో కొన్ని రోజులదే. రంగశాలకు కావలసింది ఏడాది పొడవునా నడిచే ఏర్పాటు. గ్రంథాలయాల విషయంలో ఆలోచించిన పద్ధతిలో రంగశాలల విషయంలో కూడా ఆలోచించి ఉంటే తెలుగు పట్టణాల సాయంకాలాలు మరోలా ఉండేవని నా నమ్మకం.

మూడో అభ్యంతరం దూరానిది. విశాఖపట్నం సుమారు 35 కిలోమీటర్లే కదా, అక్కడ విశాఖ మ్యూజిక్ అకాడమీ వారి కళాభారతి ఉంది, గురజాడ కళాక్షేత్రం ఉంది, ఇక్కడ మళ్లీ ఎందుకు? రైలు, బస్సు అందుబాటులో ఉన్న అనకాపల్లి పట్నవాసికి ఇది ఒప్పుగానే తోచవచ్చు. కానీ జిల్లా కేంద్రం అంటే ఆ పట్నం మాత్రమే కాదు. నర్సీపట్నం, మాడుగుల, చోడవరం, యలమంచిలి వాళ్లు రాత్రి నాటకం చూసి ఇల్లు చేరాలంటే విశాఖ ఎక్కువ దూరం. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. చూడటానికి ఒకరోజు ప్రయాణం చేయవచ్చు. నేర్చుకోవడానికి, రోజూ సాయంత్రం రిహార్సలు వేయడానికి రోజూ ప్రయాణం చేయలేరు. బెల్లం మార్కెట్లో గుమాస్తా, చెరకు పరిశోధన కేంద్రంలో ఉద్యోగి, బడిపంతులు, కాలేజీ విద్యార్థి పని ముగించుకుని వచ్చి కలుసుకునే గది ఊళ్లోనే ఉండాలి. తెలుగు నాటక సమాజాలు ఎప్పుడూ ఇలాంటి వాళ్లతోనే నడిచాయి.

ఇక మిగిలింది ప్రేక్షకులు లేరన్న మాట. చేతిలో ఫోను, ఇంట్లో తెర ఉన్న కాలంలో నాటకం ఎవరు చూస్తారని అడుగుతారు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అనే చిన్న పల్లె ఉంది. అక్కడ 1949లో నీనాసం అనే సంస్థ మొదలైంది. పోకచెక్క తోటల నడుమ ఉన్న ఆ ఊళ్లో కె.వి. సుబ్బణ్ణ నాయకత్వంలో శివరామ కారంత పేరిట రంగమందిరం, నటనా శిక్షణాలయం, ఊరూరా తిరిగే నాటక బృందం వచ్చాయి. సుబ్బణ్ణకు 1991లో మెగసేసే పురస్కారం దక్కింది. అక్కడ ప్రేక్షకులు ముందే సిద్ధంగా లేరు. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా నాటకం ఆడటం వల్ల తయారయ్యారు. రెండోది, అనకాపల్లి ప్రాంతం జనం గుమిగూడటం మరిచిన ప్రాంతం కాదు. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర, గవరపాలెంలో గౌరీ పరమేశ్వరుల ఉత్సవం ఇక్కడి వాళ్లు ఎలా కూడుతారో ఏటా చూపిస్తూనే ఉన్నాయి. పండగకు వచ్చే జనమంతా నాటకానికి రారు. వాళ్లలో నూటికొకరు నెలకోసారి వచ్చినా మూడు వందల కుర్చీలు నిండుతాయి.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం గౌరవానిది. చిన్న హాలు కడితే కొత్త జిల్లాకు అది తక్కువతనంగా ఉండదా? రాజధానికి ఒక కొలత, మాకు ఒక కొలతా? ఈ బాధ న్యాయమైనదే. దశాబ్దాలుగా ఉత్తరాంధ్రకు అన్నీ తక్కువగానే దక్కాయన్న భావన ఊరికే పుట్టలేదు. కానీ రంగశాల గౌరవాన్ని కుర్చీల సంఖ్యతో కొలిస్తే మళ్లీ పాత దారిలోనే పడతాం. పెద్ద సభలకు పెద్ద హాలు వేరుగా కట్టుకోవచ్చు, కట్టుకోవాలి కూడా. ప్రభుత్వ కార్యక్రమాలకూ వేలమంది సమావేశాలకూ దాని అవసరం ఉంది. నాటకశాల విషయంలో మాత్రం చివరి వరసలో కూర్చున్న మనిషికి నటి కన్ను కనబడిందా, మైకు లేకుండా మాట వినబడిందా అన్నదే గౌరవానికి పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గే హాలు రాష్ట్రంలో ఏ ఊళ్లో ఉంటే, నటులు ఆ ఊరినే గొప్పగా చెప్పుకుంటారు.

కాబట్టి రవీంద్రభారతి చరిత్ర నుంచి అనకాపల్లి వంటి ఊరు తీసుకోవలసిన పాఠం ఇలా తేలుతుంది. ప్రారంభోత్సవం తేదీని నిర్ణయించకముందే నాటకం వాళ్లను కూర్చోబెట్టి అవసరాలు అడగాలి. 300 నుంచి 400 కుర్చీలు, చివరి కుర్చీ వేదికకు 15 మీటర్లు దాటని ఏటవాలు ప్రేక్షాగారం కావాలి. వింగుల పక్కన సెట్టు దించుకుని నిలబెట్టేంత చోటు, లారీ వెనక నుంచి నేరుగా వచ్చే దారి ఉండాలి. పరిషత్తు పోటీల్లో ఒక నాటిక దిగి మరొకటి ఎక్కడానికి దొరికే కొద్ది నిమిషాల్లో ఈ చోటు విలువ తెలుస్తుంది. భరతుడు నేపథ్యానికి ఇచ్చిన పాలును గుర్తుంచుకుని, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరుగా శుభ్రమైన మేకప్ గదులు, మరుగుదొడ్లు కట్టాలి. నటీమణులు నాటకరంగానికి దూరమవడానికి ఈ చిన్న లోటు ఎంత కారణమో సమాజాలు నడిపిన ఎవరినడిగినా చెబుతారు. వేదికంత వైశాల్యమున్న రిహార్సలు గది ఉండాలి. నెలలో నిర్ణీత రోజులు నాటకానికే కేటాయించాలి, ఆ రోజులు సభలకు ఇవ్వకూడదు. అద్దె సమాజం భరించగలిగినంతే ఉండాలి, మిగిలిన ఖర్చు గ్రంథాలయ పన్ను తరహాలో స్థానిక సంస్థ భరించాలి. ఈ జాబితాలో ఏ ఒక్కటీ వెయ్యి కుర్చీల హాలు కన్నా ఖరీదైనది కాదు.

1961లో మన ముందుతరం ఒక గొప్ప పని చేసింది. నాటకానికీ నృత్యానికీ సంగీతానికీ రాష్ట్ర రాజధానిలో, ప్రజాప్రతినిధుల సభ పక్కనే ఒక పెద్ద ఇల్లు కట్టి, కళ ప్రజల బాధ్యత అని ప్రకటించింది. ఆ ప్రకటన అవసరం అప్పుడు ఉంది. ఆ బాధ్యతలో మిగిలిన భాగం, అంటే ఊరూరా మనిషి గొంతుకు సరిపోయే చిన్న రంగశాలలు, వాటికి ఏటేటా నడిచే ఆదాయం, మన తరానికి వదిలిన పని. గురజాడ పుట్టిన జిల్లా ఆ పనికి ముందుకొస్తే అంతకన్నా తగిన చోటు మరొకటి నాకు తోచదు.

(వచ్చే సంచికలో: పరిషత్తుల కాలం – తెనాలి నుంచి ఊరూరికీ పాకిన పోటీ నాటకం వేదికను ఎలా మార్చింది)